ఇంజన్ చల్లగా ఉంటే సంబరపడకండి



కారు హీటెక్కితే ఏం చెయ్యాలో మనలో చాలామందికి తెలుసు. మీటరులో ముల్లు ఎర్ర గీత వైపు జరుగుతుంటే ఏసీ కట్టేస్తాం, బండిని చెట్టు నీడకు చేర్చి ఆపుతాం, బానెట్ ఎత్తి మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. రోహిణీ కార్తెలో హైదరాబాద్, విజయవాడ రోడ్డు మీద తిరిగినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. మరి ఆ ముల్లు పైకి లేవకుండా కిందనే ఉండిపోతే ఏం చేస్తాం? ఏమీ చెయ్యం. పైగా "మా బండి ఎంత దూరం తోలినా హీటెక్కదండీ" అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాం.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ హీటెక్కని బండి గురించే. ఉండవలసిన వేడి కంటే తక్కువ వేడిలో నడిచే ఇంజన్ బాగున్నట్టు లెక్క కాదు. అది పొగలు కక్కదు, నడిరోడ్డు మీద ఆగిపోదు. అందుకే దాని జబ్బు బయటపడదు. నష్టం మాత్రం బంకు దగ్గర కొంత, ఇంజన్ లోపల కొంత జరుగుతూనే ఉంటుంది. ఆ జబ్బును ఎలా కనిపెట్టాలి, ఏ వరసలో వెతకాలి అన్నది చూద్దాం.

అసలు ఎంత వేడి ఉండాలి? ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం, ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్ 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరిగ్గా పనిచేసేలా తయారవుతాయి. నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి కదా అని మీకు సందేహం రావచ్చు. రేడియేటర్ మూతలో ఒక స్ప్రింగు ఉంటుంది. అది లోపలి ఒత్తిడిని బయటికి పోనివ్వదు. ఒత్తిడి పెరిగినకొద్దీ ద్రవం మరిగే వేడి కూడా పెరుగుతుంది. కూలెంట్‌లో కలిసిన గ్లైకాల్ దాన్ని ఇంకాస్త పెంచుతుంది. అందువల్ల 105 దగ్గర కూడా లోపలి ద్రవం మరగదు.

పెట్రోలు కాలితే పుట్టే శక్తిలో సుమారు మూడో వంతు, చాలాసార్లు అంతకంటే తక్కువే, బండిని నడపడానికి ఉపయోగపడుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోతుంది. మిగిలింది సిలిండర్ గోడలకూ హెడ్‌కూ పట్టి, అక్కడి నుంచి కూలెంట్‌లోకి దిగుతుంది. అందులో ఎక్కువైనదాన్ని రేడియేటర్ గాలికి వదలాలి, కావలసినదాన్ని ఇంజన్ దగ్గరే ఉంచుకోవాలి. ఎంత వదలాలి, ఎంత ఉంచాలి అని తేల్చే భాగం ఒకటుంది. అదే థర్మోస్టాట్. షెడ్డుల్లో థర్మోస్టాట్ వాల్వు అంటారు.

అరచేతిలో పట్టే చిన్న లోహపు ముక్క అది. దాని మధ్యలో ఒక బుడ్డి, ఆ బుడ్డిలో ఒక రకం మైనం. కూలెంట్ వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి వాల్వు తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం గట్టిపడి కుంచించుకుపోతుంది, స్ప్రింగు వాల్వును మళ్ళీ మూసేస్తుంది. 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన ఈ మైనపు పద్ధతే నేటికీ చాలా కార్లలో నడుస్తోంది. కరెంటుతో పని లేదు, కంప్యూటరుతో పని లేదు. ఏ వేడి దగ్గర తెరుచుకోవాలో దాని మీదే అచ్చుకొట్టి ఉంటుంది: 82 అనో, 88 అనో, 92 అనో.

చెరువుకు తూము ఎలాంటిదో ఇంజన్‌కి థర్మోస్టాట్ అలాంటిది. తూము పూర్తిగా మూసుకుపోతే గట్టు తెగుతుంది. ఎప్పుడూ తెరిచే ఉంటే చెరువులో నీరు నిలవదు. ఇంజన్‌లో మొదటిదాన్ని ఓవర్ హీటింగ్ అంటున్నాం, రెండోదాన్ని పట్టించుకోవడం లేదు.

పట్టించుకోకపోవడమే కాదు, మన దగ్గర ఇంకో అలవాటు కూడా ఉంది. బండి ఒకసారి హీటెక్కిందంటే కొన్ని షెడ్డుల్లో మొదట చేసే పని థర్మోస్టాట్‌ని పీకి పారెయ్యడం. "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్, చలి దేశాలకు పెట్టింది" అని చెబుతారు. అంబాసిడర్ల కాలం నుంచీ వస్తున్న మాట ఇది. ఆ రోజుల్లో రేడియేటర్లో కుళాయి నీళ్ళో బోరు నీళ్ళో పోసేవారు. ఆ నీళ్ళకు తుప్పు, సున్నపు పొర పట్టి థర్మోస్టాట్ బిగుసుకుపోయేది. కొత్తది వెంటనే దొరికేది కాదు. తీసేస్తే బండి కదిలేది. కార్బ్యురేటర్ బండికి మైలేజీ కొంచెం తగ్గినా ఎవరూ లెక్కచూసేవారు కాదు. ఆనాటి అవసరానికి పుట్టిన ఉపాయం ఈనాటి కార్లలో నష్టమవుతోంది.

ఎండ సంగతి కూడా చూద్దాం. మన రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఎండ 45 డిగ్రీలు ఉందనుకోండి. ఇంజన్‌కి కావలసింది 90. ఇంకా సగం దూరం ఉంది. ఆ ఎండలో కూడా, థర్మోస్టాట్ లేని బండి హైవే మీద 80 వేగంతో పోతుంటే రేడియేటర్‌కి తగిలే గాలి దాన్ని 90కి చేరనివ్వకపోవచ్చు. కాబట్టి మన ఎండలకు అక్కర్లేదన్న మాట నిలవదు.

ఇంకో సంగతి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్‌కి రెండు మూతలుంటాయి. ఒకటి రేడియేటర్ దారిని తెరుస్తుంటే, రెండోది అదే సమయంలో బైపాస్ దారిని, అంటే రేడియేటర్‌కి వెళ్ళకుండా ఇంజన్‌లోనే తిరిగే అడ్డదారిని, మూస్తుంది. అలాంటి ఇంజన్ నుంచి థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ తెరిచే ఉండిపోతుంది. మామూలు రోడ్డు మీద బండి చల్లగా ఉంటుంది. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కితే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ దాకా వెళ్ళకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తుంది. అప్పుడు హీటెక్కుతుంది. హీటు తగ్గించడానికి తీసేసిన వస్తువే హీటుకు కారణమవుతుందన్నమాట.

ఇంజన్ చల్లగా నడిస్తే ఏమవుతుంది? ముందు పెట్రోలు సంగతి. చల్లటి గోడల మీద పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకే ఇంజన్‌ని నడిపించే కంప్యూటరు, ఈసీఎం, ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ పెట్రోలు ఎక్కువగా చిమ్మిస్తుంది. పాత బండ్లలో పొద్దున్నే చోక్ లాగేవాళ్ళం గుర్తుందా, అదే పని ఇప్పుడు ఈసీఎం చేస్తోంది. వేడెక్కగానే మనం చోక్ లోపలికి నెట్టేవాళ్ళం. ఇంజన్ వేడెక్కకపోతే ఈసీఎం తన చోక్‌ని పూర్తిగా నెట్టదు. అంటే రోజంతా కొద్దో గొప్పో చోక్ మీద తోలినట్టే. మైలేజీ తగ్గుతుంది, స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి, పొగ పరీక్షలో తేడా వస్తుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి కావాలి. కాబట్టి చల్లటి ఇంజన్‌కి ఇబ్బంది ఇంకాస్త పెరిగింది.

ఆవిరి కాని పెట్రోలు ఊరికే ఉండదు. సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి జారి, ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. గోడలకూ పిస్టన్ రింగులకూ మధ్య ఉండవలసిన జిడ్డు తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది.

తరవాత నీటి సంగతి. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుందంటే నమ్మడం కష్టం. కానీ రసాయన శాస్త్రం లెక్క అదే. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. అందులో దాదాపు అంతా ఆవిరిగా సైలెన్సర్లోంచి పోతుంది. కొంచెం మాత్రం రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. ఆయిల్ తగినంత వేడిగా ఉంటే ఆ తడి ఆరిపోయి, గాలి గొట్టం గుండా బయటికి వెళ్ళిపోతుంది. ఆయిల్ చల్లగా ఉంటే తడి అక్కడే ఉండి, ఆయిల్‌తో కలిసి జిగురు మడ్డిగా మారుతుంది. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడ రంగు నురగ కనిపించేది ఇందుకే. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్లో కలిసినా అలాంటి నురగే వస్తుంది. అందుకని నురగ చూడగానే కంగారుపడి హెడ్ విప్పించకండి. కూలెంట్ తగ్గకుండా, మూత కింద మాత్రమే నురగ ఉంటే, ముందు ఇంజన్ వేడెక్కుతోందా లేదా చూడాలి.

ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యు-30 అని రాసి ఉంటుంది కదా. అందులో రెండో అంకె, ఆ 30, ఆయిల్ చిక్కదనాన్ని 100 డిగ్రీల దగ్గర కొలిచి ఇచ్చింది. తయారుచేసినవాళ్ళు ఆ వేడిని మనసులో పెట్టుకుని ఆయిల్ చేశారు. మనం 60 దగ్గర నడిపిస్తే ఆయిల్ అంతకంటే చిక్కగా ఉండి ఇంజన్‌కి బరువవుతుంది.

డీజిల్ బండ్లవాళ్ళు ఇంకో విషయం గమనించాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాయి. ఆ డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ ఉంటుంది. అందులో చేరిన మసిని బండి తనంతట తనే అప్పుడప్పుడు కాల్చి శుభ్రం చేసుకుంటుంది. ఇంజన్ తగినంత వేడెక్కితే తప్ప ఈసీఎం ఆ పని మొదలుపెట్టదు. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిన బండిలో మసి పేరుకుంటూ పోతుంది, చివరికి డీపీఎఫ్ మూసుకుపోయిందని దీపం వెలుగుతుంది. డీపీఎఫ్ మార్చాలంటే ఖర్చు చాలా పెద్దది. చిన్న వాల్వు దగ్గర మొదలైన తంటా అక్కడిదాకా పోతుంది.

ఇక గుర్తుల సంగతి. వేడి చూపే ముల్లు ఉన్న కారైతే, పది పదిహేను నిమిషాలు తోలాక కూడా అది మామూలుగా నిలిచే చోటికి రాకపోవడం మొదటి గుర్తు. చాలా చిన్న కార్లలో ఇప్పుడు ముల్లు లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం దీపం, హీటెక్కితే ఎర్ర దీపం, అంతే. ఆ నీలం దీపం మామూలుగా కాసేపట్లో ఆరిపోవాలి. చాలాసేపు ఆరకపోయినా, హైవే మీద పోతుంటే మళ్ళీ వెలిగినా అనుమానించాలి. నిలబెట్టినప్పుడు ఇంజన్ ఉండవలసినదానికంటే ఎక్కువ స్పీడులో తిరుగుతుండడం, సిగ్నల్ దగ్గర దానంతట అది ఆగే ఏర్పాటు పనిచెయ్యకపోవడం, మైలేజీ తగ్గడం, చెక్ ఇంజన్ దీపం వెలగడం కూడా గుర్తులే. హీటర్ గాలి గోరువెచ్చగా రావడం ఇంకొకటి. మనం హీటర్ వాడేది తక్కువ. లంబసింగికో అరకుకో చలికాలంలో వెళ్ళి, తెల్లవారుజామున అద్దం మీద మంచు పొర పోగొట్టడానికి వేసినప్పుడే తెలుస్తుంది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మనవాళ్ళకు మాత్రం తరచు ఇదే మొదటి గుర్తు. బయట సున్నా కంటే 15 డిగ్రీలు కిందికి పోయినప్పుడు హీటర్ చల్లటి గాలి కొడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

అయితే ముల్లు కాస్త దిగిన ప్రతిసారీ జబ్బు ఉందనుకోకూడదు. ఘాట్ రోడ్డు దిగుతూ కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీస్తే, గేరులో ఉన్న ఇంజన్‌కి ఈసీఎం పెట్రోలు ఆపేస్తుంది. కాలడానికి ఏమీ లేనప్పుడు వేడి పుట్టదు. కిందికి వచ్చి మామూలుగా తోలితే మళ్ళీ సర్దుకుంటుంది. హైబ్రిడ్ కార్లలో ఇంజన్ మధ్య మధ్య ఆగిపోతుంది కాబట్టి వేడి కొంత హెచ్చుతగ్గులవుతుంది. డీజిల్ ఇంజన్ ఊరికే నిలబెట్టి ఉంచితే చాలా తక్కువ డీజిల్ కాలుస్తుంది కాబట్టి వేడెక్కడం నెమ్మది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లు తిరిగే కారు ఏదీ పూర్తిగా వేడెక్కదు. అది తోలే తీరు, లోపం కాదు. అలాంటి కారును వారానికి ఒకసారైనా అరగంట పాటు ఊరి బయటికి తిప్పితే ఆయిల్లో తడి ఆరుతుంది.

ఇప్పుడు వెతకడం ఎలాగో చూద్దాం. మొదటి ప్రశ్న ఇది: ఇంజన్ నిజంగా చల్లగా ఉందా, ముల్లు మాత్రమే చల్లగా చూపిస్తోందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే భాగాలు మార్చడం మొదలుపెడతారు.

అందుకే అన్నిటికంటే ముందు కూలెంట్ మట్టం చూడండి. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీస్తే మరిగే ద్రవం మొహం మీద పడుతుంది. ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. మట్టం ఎందుకు చూడాలంటే, వేడిని కొలిచే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ కారిపోయి సెన్సర్ ఉన్న చోట గాలి చేరితే, అది గాలి వేడిని చూపిస్తుంది. గాలి వేడి తక్కువగా ఉండవచ్చు. లోపల ఇంజన్ మాడిపోతుంటే ముల్లు మాత్రం కిందనే ఉంటుంది. ముల్లు కిందుంది కదా అని ఇలాంటి బండి తోలితే హెడ్ పోతుంది. కాబట్టి ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోతే నడపడం మాని ముందు కూలెంట్ సంగతి చూడాలి.

మట్టం సరిగ్గా ఉందనుకుందాం. రెండో పని స్కానర్ పెట్టించడం. ఇప్పటి కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. మెకానిక్ దగ్గర ఉండే స్కానర్‌ను దానికి తగిలిస్తే ఈసీఎం దృష్టిలో కూలెంట్ ఎంత వేడిగా ఉందో డిగ్రీల్లో కనిపిస్తుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండికి, స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి చూడండి. కూలెంట్ వేడి, ఇంజన్ పీల్చే గాలి వేడి, రెండూ దాదాపు ఒకటే చూపించాలి. గాలి 26, కూలెంట్ 27 అంటే సెన్సర్ నిజమే చెబుతోంది. గాలి 26 ఉండి కూలెంట్ 5 అని చూపిస్తే సెన్సర్ అబద్ధమాడుతోంది. మైనస్ 40 అని చూపిస్తే చాలా బండ్లలో సెన్సర్ వైరు తెగిందనో ప్లగ్గు ఊడిందనో అర్థం. ఇలా అయినప్పుడు చాలా కార్లలో ఈసీఎం జాగ్రత్త కోసం ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది.

సెన్సర్ మీద అనుమానం ఉంటే మల్టీమీటర్‌తో కొలవచ్చు. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు ఉండేది, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చుట్టుపక్కలకు దిగుతుంది. మీ బండికి సరైన అంకెలు దాని సర్వీసు పుస్తకంలో ఉంటాయి. కొన్ని పాత కార్లలో మీటరు ముల్లుకు ఒక సెన్సర్, ఈసీఎంకి వేరే సెన్సర్ ఉంటాయి. స్కానర్ 90 చూపిస్తూ ముల్లు మాత్రం కిందనే ఉంటే ఇంజన్ బాగానే ఉంది, మీటరు వైపు చూడాలి.

సెన్సర్ నిజమే చెబుతోంది, ఇంజన్ చల్లగానే ఉంది అని తేలితే మూడో మెట్టు. బండిని స్టార్ట్ చేసి స్కానర్లో అంకె ఎలా ఎక్కుతోందో గమనించండి. మామూలు ఇంజన్లో వేడి నిలకడగా పెరుగుతూ థర్మోస్టాట్ తెరుచుకునే దగ్గర కొంచెం తగ్గి, మళ్ళీ ఎక్కి, అక్కడక్కడే నిలుస్తుంది. తరవాత హైవే మీద తోలండి. ట్రాఫిక్‌లో 85 దాకా వచ్చిన వేడి, గాలి బాగా తగిలే రోడ్డు మీద 65కో 60కో దిగి, మళ్ళీ ఊళ్ళోకి రాగానే ఎక్కితే, థర్మోస్టాట్ మూసుకోవడం లేదని దాదాపు ఖాయం. కొన్నిసార్లు ఈసీఎమే ఈ లోపాన్ని పసిగట్టి పి-0128 అనే కోడ్ నమోదు చేస్తుంది. ఇంత గాలి పీల్చింది, ఇన్ని నిమిషాలు నడిచింది, ఈపాటికి ఇంత వేడెక్కాలి అని అది లెక్క కట్టుకుంటుంది. లెక్కకు వేడి తక్కువైతే ఈ కోడ్. స్కానర్లో ఇది కనిపిస్తే థర్మోస్టాట్‌నే ముందు అనుమానించాలి, కానీ కూలెంట్ మట్టం చూడకుండా మాత్రం మార్చకూడదు.

స్కానర్ లేనివాళ్ళు చేత్తోనే చూడవచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఇంజన్ నుంచి రేడియేటర్ పై భాగానికి వెళ్ళే లావు రబ్బరు పైపును మధ్య మధ్య తాకి చూడండి. థర్మోస్టాట్ బాగుంటే కొన్ని నిమిషాల పాటు పైపు చల్లగానే ఉండి, ఉన్నట్టుండి చుర్రుమంటుంది. తెరుచుకుని ఉండిపోయినదైతే ఇంజన్‌తో పాటు పైపు కూడా మొదటి నుంచీ కొంచెం కొంచెంగా వెచ్చబడుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది. వాటిలో కింది పైపు తాకి చూడాలి. ఒక హెచ్చరిక: ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. చున్నీ, పంచె, కండువా, వేలాడే చేతులు దగ్గరికి రానివ్వకండి.

నాలుగోది ఫ్యాన్. కరెంటు ఫ్యాన్ తాళం తిప్పగానే మొదలై ఆగకుండా తిరుగుతోందా చూడండి. రిలే అతుక్కుపోయి ఉండవచ్చు, సెన్సర్ పోయి ఉండవచ్చు, లేదా ఇదివరకు ఎవరో హీటుకు భయపడి ఫ్యాన్‌కి డైరెక్ట్ వైరు లాగి ఉండవచ్చు. మూడోది మన షెడ్డుల్లో చాలా మామూలు. పెద్ద డీజిల్ బండ్లలో బెల్టుతో తిరిగే ఫ్యాన్‌కి జిగట ద్రవంతో పనిచేసే క్లచ్ ఉంటుంది. అది పట్టేసుకుంటే ఫ్యాన్ ఎప్పుడూ ఇంజన్ స్పీడుతో తిరుగుతూ, బండి వేగం పెరిగేకొద్దీ హోరుమంటుంది. అయితే థర్మోస్టాట్ సరిగ్గా మూసుకునే బండిలో ఫ్యాన్ ఒక్కటే ఇంజన్‌ని అంతగా చల్లబరచలేదు. కాబట్టి ఫ్యాన్ లోపం దొరికినా థర్మోస్టాట్‌ని వదలకండి.

చివరి పరీక్ష వంటింట్లో చేసేది. ఊడదీసిన థర్మోస్టాట్‌ని వెలుతురుకు ఎదురుగా పట్టండి. చల్లగా ఉన్నప్పుడు సందులోంచి వెలుగు కనిపిస్తే అది పోయినట్టే. మూసి ఉంటే దారం కట్టి, వంటకు వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, అడుగుకు తగలకుండా వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. పక్కన ఒక థర్మామీటర్, జ్వరం చూసేది కాదు, 100 దాకా చూపించేది. మీద రాసిన వేడికి అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. 60 దగ్గరే తెరుచుకుంటే మైనం గానీ స్ప్రింగు గానీ దెబ్బతిన్నది. దించి చల్లార్చాక పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోతే మార్చాల్సిందే. నూనె రాసి, సుత్తితో కొట్టి బాగుచేసే వస్తువు కాదు.

థర్మోస్టాట్ గూడు విప్పినప్పుడు అసలు లోపల ఏమీ లేదని తెలిసే బండ్లు కూడా ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళకు ఇది తరచు ఎదురయ్యేదే. పాత యజమాని దగ్గర ఉన్నప్పుడే ఎవరో తీసేసి ఉంటారు, ఆయన కూడా మరిచిపోయి ఉంటారు. వాడిన కారు కొనేముందు చేసే పరీక్షల్లో ఇది కూడా చేర్చుకోండి.

కొత్తది వేసేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. ఒకటి, కంపెనీ చెప్పిన డిగ్రీల వాల్వే వెయ్యాలి. 88 ఉండవలసిన చోట, తొందరగా తెరుచుకుంటుంది కదా అని 76ది వేస్తే మళ్ళీ మొదటికే వస్తాం. రెండు, వాల్వు అంచున చిన్న రంధ్రం, అందులో కదిలే చిన్న పిన్ను ఉంటే అది పై వైపుకు రావాలి. లోపలి గాలి బయటికి పోయేది అక్కడి నుంచే. మూడు, గ్యాస్కెట్‌గానీ రబ్బరు రింగుగానీ కొత్తది వెయ్యాలి. నాలుగు, కంపెనీ చెప్పిన కూలెంట్‌ని శుద్ధిచేసిన నీళ్ళతో సరైన పాళ్ళలో కలిపి పోసి, గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా ఇంజన్ నడపాలి. బిందె అడుగున తెల్లటి పొర కట్టే బోరు నీళ్ళు పోస్తే, అదే పొర థర్మోస్టాట్ మీద కూడా కడుతుంది. కొత్త వాల్వు కూడా కొన్నాళ్ళకు బిగుసుకుపోతుంది.

ఇంతకీ దీనికయ్యే ఖర్చు ఎంత? మామూలు కార్లకు ఈ భాగం ధర వందల్లోనో, కొద్ది వేలల్లోనో ఉంటుంది. చాలా ఇంజన్లలో ఒక పూట పని. అది వెయ్యకుండా కాలం గడిపితే పెట్రోలులో, ఆయిల్లో, అరిగే రింగుల్లో అంతకు ఎన్నో రెట్లు పోతుంది.

కాబట్టి శ్రోతలకు నా మనవి ఇదే. ఈసారి కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్‌ని రెండు మాటలు అడగండి: ఈ బండిలో థర్మోస్టాట్ ఉందా? ఇంజన్ పూర్తిగా వేడెక్కాక స్కానర్లో కూలెంట్ ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది? రెండో ప్రశ్నకు 85కి తక్కువ జవాబు వస్తే కారణం వెతికించండి. ఎవరైనా థర్మోస్టాట్ తీసేద్దాం అంటే ఒప్పుకోకండి, కొత్తది వెయ్యమనండి. పాతది మీ చేతికి ఇమ్మని అడిగి, దాని మీది అంకె, కొత్తదాని మీది అంకె పోల్చి చూసుకోండి.